బొడ్డున్న గ్లాసులు

తిరుపతిరావు గారి చేతికి గ్లాసిస్తే తాగరు, తిరగేస్తారు.

జర్మనీలోని జిండెల్ఫింగెన్‌లో మా కింది వాటా ఆయనది. కార్ల ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్లు ఇంజనీరుగా చేసి రిటైరయ్యాక, మెక్సికోలో నోటితో ఊది చేసిన పాత గ్లాసుల మీద మనసు పారేసుకున్నారు. నీలి అంచు, గాజులో గాలిబుడగలు, అడుగున ఇనపకడ్డీ నుంచి గ్లాసు విరిచినచోట మిగిలిన మచ్చ. ఆ మచ్చ పేరు ఆయన భాషలో బొడ్డు. బొడ్డు లేనిదంతా మెషీన్ సరుకే.

మా ఫ్రెండు ఉమేశ్ గృహప్రవేశంలో మజ్జిగ గ్లాసు అందుకుని, అలవాటుగా తిరగేశారు. మజ్జిగంతా కొత్త సోఫా మీద.

"అయ్యో, అంకుల్!"

"కంగారుపడకు బాబూ, మెషీన్‌దే!" అని ఓదార్చారు.

శనివారం ఫ్లోమార్క్ట్ పెడితే పొద్దున్నే హాజరు. ఆ పాత సామాన్ల సంతలో, ఎనభై రెండేళ్ల జర్మన్ ఆవిడ ఫ్రౌ వెబర్ దగ్గరే ఆయన బేరమంతా. వాళ్లాయన ఒకప్పుడు మెక్సికోలో పనిచేసి పెట్టెలకొద్దీ గ్లాసులు తెచ్చాడట.

"చీరల బీరువాలోనూ గ్లాసులేనమ్మా. చీర లాగితే గలగలమంటోంది," అనేది ఆయన భార్య ఊర్మిళ ఆంటీ.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి సంత మూతపడింది. ఫ్రౌ వెబర్ ఒంటరి మనిషి, పైగా ఆయాసం. దుకాణానికి వెళ్లాలంటే భయం. సరుకులు తెచ్చిపెడతామంటే, "నేనెవరి దగ్గరా ఊరికే పుచ్చుకోను," అని తలుపేసుకుంది.

తిరుపతిరావు గారు వెళ్లి ఆవిడ బాల్కనీ కింద నిలబడి మాస్కులోంచి అరిచారు. "గ్లాసు దొరక్క నాకు పిచ్చెక్కేలా ఉంది! సంచీడు సరుకులు తెస్తే ఒకటిస్తారా?"

కాసేపటికి బాల్కనీ నుంచి తాడు కట్టిన బుట్ట దిగింది. ఆపైన ప్రతి శనివారం సరుకులు పైకి, గ్లాసు కిందికి.

చలికాలంలో ఆయనకు మోకాలి నొప్పి వస్తే, సంచీ మోయడానికి నేనూ వెళ్లాను. బుట్టలో వచ్చిన గ్లాసు తిరగేసి చూశాను.

"అంకుల్, దీనికి బొడ్డు లేదు! ఇది దుకాణంలో మస్టర్డ్, అదే ఆవపేస్టు, అమ్మే గ్లాసు. మా ఇంట్లోనూ ఉన్నాయి."

"మెల్లగా! ఆవిడ వింటుంది. మెక్సికోవి మేలోనే అయిపోయాయమ్మా."

గ్లాసును వెలుతురుకు పట్టి జర్మన్‌లో కేకేశారు. "అద్భుతం, ఫ్రౌ వెబర్! ఏం పనితనం!"

పైన ఆవిడ ముఖం వెలిగిపోయింది.

2021 వేసవిలో, రెండు టీకాలూ పడ్డాక, ఆవిడ మొదటిసారి అంకుల్ వాళ్లింటికి భోజనానికొచ్చింది. నన్నూ పిలిచారు. షోకేసు ముందు వరుస నిండా మస్టర్డ్ గ్లాసులే. తిరుపతిరావు గారు పులిహోర తేవడానికి వంటింట్లోకి వెళ్లగానే ఆవిడ మా వైపు వంగింది.

"అసలువి ఎప్పుడో అయిపోయాయి. గ్లాసు లేకపోతే పిచ్చెక్కుతుందన్నాడుగా, పాపం! అందుకే వారంవారం ఆయన చేతే మస్టర్డ్ తెప్పించుకుని, ఖాళీ చేసి, కడిగిచ్చాను. ఆయనకు చెప్పకండి."

"అంత మస్టర్డూ మీరే తిన్నారా?" అంది ఊర్మిళ ఆంటీ.

"ఏం చేయను? నాకదంటే అసహ్యం. కానీ పారేయడానికి చేతులు రావే!"

ఇంతలో తిరుపతిరావు గారు పెద్ద గిన్నెతో నవ్వుతూ వచ్చారు.

"ఫ్రౌ వెబర్, మీకు ప్రాణమని పులిహోరలో ఆవ దండిగా పెట్టించాను!"