కాలువ కింద అట్టబిళ్లలు

ఆ రోజు ఉదయం మా అమ్మాయి ఆన్‌లైన్‌లో లెక్కల క్లాసు వింటుండగా, తను కట్టిన కాలువ కింద నేను అట్టబిళ్లలు దూర్చాను. బీరు గ్లాసుల కింద పెట్టేవి. మొదటి మూడు దిమ్మెల కింద పదేసి. తనకు చెప్పలేదు.

అప్పుడు మేం జర్మనీలో, కొలోన్‌లో ఉంటున్నాం. కరోనా వచ్చాక మొదటి చలికాలం. బడులు మూసేశారు, నాకూ ఇంటి నుంచే పని. ఆరో తరగతి చదువుతున్న అమ్మాయికి చరిత్ర టీచరమ్మ ఒక ప్రాజెక్టు ఇచ్చింది: రోమన్లు మన ఊరికి నీళ్లెలా తెచ్చారో ఇంట్లో కట్టి, వీడియో తీసి పంపాలి.

ఐఫెల్ కొండల ఊటల నుంచి కొలోన్ దాకా దాదాపు తొంభై ఐదు కిలోమీటర్ల కాలువ అది. రోమన్ కాలువ అనగానే ఎత్తయిన కమానులు గుర్తొస్తాయి గాని, ఇది చాలా మటుకు నేల కిందే, నీరు గడ్డకట్టని లోతులో సాగింది. కందకం తవ్వి, అడుగున రాళ్లు పరిచి, గోడలు పోసి, పైన రాతికప్పు వేశారు. లోపల సున్నంలో ఇటుకపొడి కలిపి పూశారు. మా నాన్న తాపీమేస్త్రి. ఆ పూతను ఆయన సుర్కీ అనేవాడు. నీటిని తోసే యంత్రమేదీ లేదు. ఉన్నదల్లా వాలు. అది ఎక్కువైతే నీరు పూతను కోసేస్తుంది, తక్కువైతే మట్టి పేరుకుంటుంది.

ఆ నీటిలోని సున్నం కాలువ గోడలకు పట్టి రాయిగా మారితే, తర్వాతి కాలం వాళ్లు కోసుకెళ్లి స్తంభాలు చెక్కుకున్నారట. మా అమ్మాయి కెటిల్ మూత తీసి, అడుగున పేరుకున్న తెల్లటి పొర చూపించింది.

"అమ్మా, దీన్ని కడగొద్దు. ఇంకో రెండొందల ఏళ్లు ఆగితే మనకీ ఒక స్తంభం వస్తుంది."

"అప్పటిదాకా టీ ఎవరు పెడతారే?" అంది మా ఆవిడ.

పాల డబ్బాలు నిలువునా కోసి, అతికించి, చెక్క దిమ్మెల మీద నిలిపి, నడవా పొడుగునా కాలువ కట్టింది అమ్మాయి. వాలు చూడ్డానికి నేనే ఆమెకు లెవెల్ ట్యూబు పట్టడం నేర్పాను. సన్నటి ప్లాస్టిక్ గొట్టం నిండా నీళ్లు పోసి చెరో కొసా పట్టుకుంటే, రెండు కొసల్లోనూ నీరు ఒకే ఎత్తున నిలుస్తుంది. మా నాన్న పునాదులన్నీ దాంతోనే చూసుకునేవాడు. ఈ కొస నుంచి ఆ కొసకు మొత్తం మీద ఒక వేలి మందం వాలు చాలని ఆమె లెక్క.

ఆ ఉదయం నేనొక్కడినే నీళ్లు పోసి చూశాను. మూడో దిమ్మె దగ్గర ఆగిపోయాయి. మధ్యాహ్నానికల్లా వీడియో పంపాలి. పిల్ల బాధపడుతుందనుకున్నాను. నిజం చెప్పాలంటే, మేస్త్రి కొడుకు ఇంట్లో కాలువ పారలేదంటే నాకే నామోషీ. అందుకే అట్టబిళ్లలు.

క్లాసు అయ్యాక ఆమె నీళ్లు పోసింది. గలగలా పారాయి. "పారింది!" అని గెంతింది. నేను వీడియో తీశాను.

రెండు రోజుల తర్వాత టీచరమ్మ మెచ్చుకుని, ఆ గొట్టంతో ఎలా కొలిచావో క్లాసులో అందరికీ చూపించమంది. ఏదో ఒకటి చెప్పి ఆపాల్సింది. ఆపలేదు. ఒక కొస మా ఆవిడ పట్టుకుంది, రెండో కొస అమ్మాయి. ఒక వేలు రావాల్సిన చోట రెండు వేళ్లు వచ్చింది. మళ్లీ కొలిచింది. మళ్లీ రెండే. లాప్‌టాప్‌లోంచి ఎవరో జర్మన్‌లో "దొంగలెక్క!" అన్నారు. కొందరు నవ్వారు. అమ్మాయి లాప్‌టాప్ మూసేసి, నేల మీద పడుకుని దిమ్మెల కిందకి చూసింది. ఒక్కొక్క బిళ్లా లాగి నా ముందు పెట్టింది.

"పారట్లేదని నాతో చెప్పొచ్చుగా, నాన్నా."

"నీకు సాయం చేద్దామనే..."

"మీ ఆఫీసు అంకుల్ కూడా అదే అన్నాడుగా."

ఆ నెలంతా నేను అన్నం దగ్గర ఏకరువు పెట్టిన కథ అది. నేను రాసిన ప్రోగ్రామును తోటి ఉద్యోగి నాకు చెప్పకుండా మార్చేశాడు, అడిగితే సాయం చేద్దామనే అన్నాడు, నమ్మినవాడే వెన్నుపోటు పొడిచాడు అని. ఆమె అంతా విన్నదన్నమాట.

"ఏవండీ, దాని మొహం చూశారా?" అంది మా ఆవిడ. నేను చూడలేకపోయాను.

ఆ సాయంత్రం టీచరమ్మకు మెయిల్ రాసి, పంపే ముందు అమ్మాయికి చూపించాను. "మా నాన్న సాయం చేశాడు" అన్న మాట కొట్టేసి, "మా నాన్న నాకు తెలియకుండా మార్చాడు" అని దిద్దింది. అలాగే పంపాను. మరుసటి క్లాసులో కెమెరా ముందుకొచ్చి, తప్పు నాది, ఆమె లెక్క సరైనదే అని నా వచ్చీరాని జర్మన్‌లో పిల్లలందరికీ చెప్పాను. ఈసారి ఎవరూ నవ్వలేదు. అమ్మాయి నావైపు చూడలేదు.

ఆదివారం కాలువ మళ్లీ కట్టింది. నా పనల్లా మోకాళ్ల మీద కూర్చుని గొట్టం కొస పట్టుకోవడం. "కదలకు" అంది. కదల్లేదు. మూడో దిమ్మె కాస్త దిగిందని కనిపెట్టింది. నేను పదేసి పెట్టిన చోట ఆమెకు రెండే సరిపోయాయి, అదీ ఆ ఒక్క దిమ్మె కిందే. నీళ్లు ఈసారి గలగలమనలేదు. మెల్లగా పాకుతూ చివరి గిన్నె దాకా వెళ్లాయి.

వీడియో తీసే ముందు ప్రతి దిమ్మె కిందా చెయ్యి పెట్టి తడిమి చూసుకుంది. నడవాలో వెలుతురు తక్కువ. నేను వంగి టార్చి పట్టుకున్నాను.