సాక్షి కుర్చీలో అధ్యక్షులు

పదవీ విరమణకు రెండేళ్ల ముందు, వానాకాలంలో, శాసనసభ హామీల కమిటీతో నన్ను ధర్మవరం పర్యటనకు వేశారు. నేను శాసనసభ సచివాలయంలో సెక్షన్ ఆఫీసరును. సొంతూరు సోమందేపల్లి కాబట్టి ఆ వైపు మాట తెలుస్తుందని నన్నే ఎంచారు. మంత్రులు సభలో ఇచ్చిన మాట నెరవేరిందా లేదా అని వెంటపడి చూడడమే ఆ కమిటీ పని. సభ్యుల్లో ఎక్కువమంది అధికారపక్షం వాళ్లే అయినా, అధ్యక్ష పదవి ఆ దఫా ప్రతిపక్షానికి ఇచ్చారు. మా అధ్యక్షులు అంతకుముందు ప్రభుత్వంలో మంత్రి.

ఆయన మంత్రిగా ఇచ్చిన హామీ ఒకటి మా పొడుగాటి జాబితాలో ఉంది: ధర్మవరం నేతన్నల కాలనీకి వాననీటి కాలువ. పాతబడింది, రద్దు చేయవచ్చని శాఖ రాసింది. నేనూ కిమ్మనకుండా 'రద్దుకు సిఫారసు' కింద చేర్చాను. పెద్దమనిషికి తలవంపులు ఎందుకని నా అతితెలివి. రద్దయితే ఇక ఆ కాలువను పట్టించుకునే నాథుడుండడు.

మున్సిపల్ ఆఫీసు హాల్లో ఆ రోజు విచారణ మగ్గాల షెడ్ల గురించి. సాక్షిగా వచ్చిన రమణమ్మ పట్టుచీరలు నేస్తుంది. షెడ్ల మాట వదిలేసి ఆమె కాలువ సంగతి ఎత్తింది. వానొస్తే మగ్గం గుంతలోకి నీళ్లు ఊరతాయట. కాళ్లు పెట్టే చోటు లేక చీర సగంలో ఆగిపోతుందట. కొడుకులిద్దరూ మగ్గం వదిలి ఎర్రమంచి వైపు ఫ్యాక్టరీ పనికి పోయారు. ఈసారీ నీళ్లొస్తే తానూ మగ్గం పీకేస్తానంది. ఆ తర్వాత అధ్యక్షులను తేరిపార చూసింది.

"కాలవ తవ్విస్తామని అసెంబ్లీలో చెప్పింది నువ్వే కదప్పా. టీవీలో మేమంతా చూసినాము."

అధ్యక్షులు ఫైలు అడిగి, నా సిఫారసు చదివి, నా వైపు ఒకసారి చూశారు. తిట్టినా బాగుండేది. తన మాట మీద తానే తీర్పు చెప్పకూడదంటూ లేచారు. అధ్యక్షుడు తప్పుకుంటే సభ్యులు తమలో ఒకరిని ఆ పూటకు ఎన్నుకోవాలి. అధికారపక్ష సభ్యురాలి పేరు ఆయనే సూచించారు. వచ్చి రమణమ్మ పక్కన, సాక్షి కుర్చీలో కూర్చుని నా వైపు తిరిగారు.

"రాసుకోమ్మా. మాటిచ్చింది నేను. మంత్రిగా ఉన్నన్నాళ్లూ మళ్లీ దాని ఊసెత్తలేదు. తప్పు నాది. కమిటీ వారు హామీని మాత్రం కొట్టేయొద్దండి."

దెప్పిపొడవడానికి సిద్ధమై వచ్చిన అధికారపక్షం వాళ్లే ముందుగా చేతులెత్తి ఒప్పుకున్నారు. హామీని ఏకగ్రీవంగా జాబితాలోనే ఉంచారు. నా సర్వీసులో ఎందరో నాయకులకు లేచి నిలబడ్డాను. మనస్ఫూర్తిగా నిలబడింది ఆ రోజే.

కమిటీ శాఖ వెంటపడడంతో మరుసటి ఏడు వానలకు ముందే కాలువ పూర్తయింది. తనిఖీకి వెళ్లినప్పుడు రమణమ్మ మగ్గంలో కూర్చుని ఉంది. గుంత పొడిగా ఉంది. ఫైలు మీద 'నెరవేరింది' అని రాశాను.

ప్రతిపక్షానికి అధ్యక్ష కుర్చీ ఇచ్చేది ప్రభుత్వాన్ని నిలదీయడానికేనని అంతవరకూ అనుకునేదాన్ని. తనను తాను నిలదీసుకోగలిగినవాడు కూర్చుంటేనే ఆ కుర్చీకి విలువని తెలిసింది. మిగిలిన ఉద్యోగకాలంలో, ఊరికి వెళ్లి చూడకుండా ఏ హామీనీ రద్దుకు సిఫారసు చేయలేదు.