నంబరు మాత్రం ఆయనదే

మా ఆయన దుబాయి పోయేటప్పుడు ఇక్కడి సిమ్ము గూడ ఎంట తీస్కపోయిండు. మా కంట్రోల్ బియ్యం కార్డుకున్న నంబరు గదే. నేను కోరుట్లల దుకాణంకాడ మిషన్ మీద ఏలు పెడితే మెసేజు ఆయనకు పోయేది. ఎంటనే ఫోన్ అచ్చేది. బియ్యం తెచ్చినవటగదా అని నవ్వెటోడు. మిగిలిన దినాలు చేస్తడో చెయ్యడో గని, బియ్యంనాడు మాత్రం తప్పకపోయేది. అందరు రద్దీ తగ్గినంక పోదురు, నేను దుకాణం తెరిచిన్నాడే ఉరుకుదును. బియ్యం కోసం గాదు.

గప్పటి డీలరు మాకు ముగ్గురి బియ్యమే ఇచ్చేటోడు, నాకు, ఇద్దరు పిల్లలకు. దుబాయిల ఉన్నోనికి సర్కారు ఇయ్యది చెల్లె అంటే నిజమే గావచ్చు అనుకున్న. సిరిసిల్లల బట్ట నేసే సాంచాల చప్పుడుల పెరిగినదాన్ని, గీ లెక్కలు నాకేం ఎరుక! ఆయన గూడ మెసేజు అచ్చిందంటే నేను యాదికచ్చుడే తప్ప, దాంట్ల ఏమున్నదో సూడకపోయేది. కంపెనీ జీతాలు బందు పెట్టినప్పుడు, పని లేక రూంల కూసోని మొత్తం సదివిండట. నలుగురియి తెచ్చినవు, మోసుడైందా అన్నడు. నలుగురియి యాడియి, ముగ్గురియే అన్న. ఆయన మెసేజు మల్లొకసారి పైకి సదివిండు.

"మరి నా బియ్యం ఎవడు తింటుండే?"

గా మెసేజును ఫోటో తీసి ఫిర్యాదు నంబరుకు ఆడికెల్లే పంపిండు. జగిత్యాలకెల్లి ఆఫీసరు అచ్చి నన్ను అడిగిండు, పక్కింటోళ్లను అడిగిండు. పరదేశం పోయినోళ్లందరి బియ్యం గా దొంగ సచ్చినోడే అమ్ముకున్నడని బయటవడ్డది. డీలర్‌షిప్ ఊడింది. బీడీల చాట ముంగట కూసున్న ఆడోళ్లందరికి చెప్పుకున్న, మావోడు దుబాయిల కూసోని కోరుట్ల దొంగను పట్టిండని. గంత సంబురం మల్ల నాకు రాలే.

అటెన్క కొత్త రూలు అచ్చింది. కార్డుల ఉన్నోళ్లందరు అచ్చి ఏలు పెట్టాలె, పెట్టనోళ్ల పేరు తీసేస్తరు. దొంగలు మల్ల తినకుంట గిదే మంచిదన్నరు. మంచిదే, ఎవలు కాదన్నరు? నాకైతే ఆశ పుట్టింది. ఏలు పెట్టనీకన్న అస్తడేమో అని కొండగట్టు అంజన్నకు మొక్కుకున్న. కని ఆయన అప్పటికే కంపెనీ ఇడిసి, పాస్‌పోర్టు ఆళ్లకాడనే ఉండిపోయి, పోలీసులకు కనవడకుంట పని చేసుకుంటున్నడు. దాన్నే ఆడ ఖల్లివెల్లి అంటరు. ఖల్లివెల్లి అయినోడు యాడికెల్లి అస్తడు?

మిషన్ల ఆయన పేరు పోయింది. కొత్త డీలరు మంచోడే. "అక్కా, నంబరు గూడ నీదే పెడుత, మెసేజులు నీకే అస్తయి" అన్నడు. నాకు పిస లేసింది.

"పేరు తీసేసిన్రు, సరే. నంబరు ముట్టుకుంటే మంచిగుండది."

బియ్యం సంచి నెత్తి మీద పెట్టుకొని మూలమలుపు దాటలేదు, ఫోన్ మోగింది. గా దినం ఆయన నవ్వలే.

"ఈసారి నా బియ్యం ఎవడు తినలేదే. నేనే లేను."

సంచి రోడ్డు మీదనే దించిన. ఏడుపు ఆగలేదు. కార్డుల లేకుంటే లేకపాయె, నువ్వు జర ఫోన్ పెట్టెయ్యకు అన్న.