ఇంటర్వెల్ దాకానే చెప్పే కథ

దెయ్యం సినిమాకి వెళ్తే నేను దెయ్యాన్ని పెద్దగా పట్టించుకోను. అసలు సంగతి ఎక్కడ దాచారా అని చూస్తుంటాను. ఉద్యోగం చేసినన్నాళ్లూ విజయనగరంలో ఒక దినపత్రిక డెస్కులో కూర్చుని ఊళ్ల నుంచి వచ్చిన వార్తలు దిద్దినవాణ్ణి. ఎవరు పోయారు, ఎవరు చంపారు, ఎందుకు అన్నది మాకు మొదటి పేరాలోనే రావాలి. పేజీలో జాగా చాలకపోతే వార్తను కింద నుంచి కోసేస్తారు. అందుకని ముఖ్యమైనదేదీ కింద ఉంచకూడదు. పగబట్టిన దెయ్యం సినిమా దీన్ని తలకిందులు చేస్తుంది. ముందు శవాలు చూపిస్తుంది. ఇంటర్వెల్‌కి చంపుతున్నదెవరో చెబుతుంది. ఎందుకన్నది ఆ తర్వాత, ఫ్లాష్‌బ్యాక్‌లో. చచ్చేవాళ్లకీ ఒక వరస ఉంటుంది. మొదట కూలికి పనిచేసినవాడు, తర్వాత వాడికి తోడున్నవాడు, ఆఖర్న ఇంటి పెద్దమనిషి. నేను దిద్దిన కేసుల్లోనూ దాదాపు ఇదే వరస. కాకపోతే అక్కడ ఆఖరివాడి దాకా ఎవరూ వెళ్లేవారు కాదు.

కిందటేడు చోడి, అంటే రాగి, కోతలయ్యాక పాతపట్నం దగ్గర మా ఊరు వెళ్లాను. ఆ ఇంట్లో ఇప్పుడుండేది ముగ్గురు. మా పెదనాన్న కొడుకు, నాకు అన్నయ్య. వదిన పోయి అప్పటికి ఏడాది కాలేదు. వాళ్ల కొత్త కోడలు, నౌపడ పిల్ల. ఆమె భర్త విశాఖలో ఉద్యోగం చేస్తూ ఆదివారాలు వచ్చి వెళ్తుంటాడు. మూడో మనిషి మా మేనత్త, అంటే పెదనాన్నకీ మా నాన్నకీ చెల్లెలు. ఎనభై దాటాయి. చిన్న వయసులోనే భర్త పోతే పుట్టింటికొచ్చి అక్కడే ఉండిపోయింది.

నేను వెళ్లింది పేరంటాలి మొక్కుబడికి. మా వైపు ముత్తయిదువగా ఉండి అర్ధాంతరంగా పోయిన ఆడమనిషిని పేరంటాలంటారు. ఆమె పేరున రాయి పాతి, పసుపు రాసి, ఏటా చీర పెడతారు. రాతికి చుట్టి తీసిన ఆ చీరను ఇంటి కోడలు కట్టుకుని ఇంటికి నడిచి రావాలి. మా పేరంటాలు పెదనాన్న మొదటి భార్య. పెళ్లయిన కొన్నాళ్లకే పొలంలోని బావిలో పడి పోయిందని చెబుతారు. ఆ బావిని పూడ్చి, దాని మీదే రాయి పాతారు. ఇన్నేళ్లూ ఆ చీర కట్టింది వదిన. ఇప్పుడు ఈ పిల్ల వంతు.

గురువారం మొక్కుబడి. మంగళవారం ఆ పిల్ల పాతపట్నం హాల్లో దెయ్యం సినిమా ఆడుతోందంటే, అత్తనూ వెంటబెట్టుకుని ముగ్గురం ఆటోలో మ్యాట్నీకి వెళ్లాం. అన్నయ్య రానన్నాడు.

కథ ఒక పాత రైస్‌మిల్లులో జరుగుతుంది. మొదట లారీ డ్రైవరు పోయాడు, తర్వాత గుమస్తా. తెర మీద జుట్టు విరబోసుకున్న ఆకారం కనిపించినప్పుడల్లా హాల్లో కుర్రాళ్లు ఈలలు వేస్తున్నారు. అత్త మరమరాల పొట్లం ఒళ్లో పెట్టుకుని తాపీగా నములుతోంది.

"అంత జుట్టేటే దానికి? సచ్చినాక కూడా పెరుగుతాదేటి?" అంది కోడలితో.

"ఊరుకో అమ్మమ్మా, నాకు భయమేస్తంది."

"దెయ్యానికి భయమేటే గుంటా? అది దాని పని మీదొచ్చింది. నీ జోలికొచ్చిందేటి?"

ముందు వరసలో ఎవరో వెనక్కి తిరిగి, "ఓ మామ్మా, కత నువ్వు సెప్పీకు" అన్నాడు. అత్త వాడికి గుప్పెడు మరమరాలు పెట్టింది.

ఇంటర్వెల్ అయింది. ఆట మళ్లీ మొదలయ్యాక తెర రంగు మారింది, పాత రోజులన్నమాట. మిల్లులో తౌడు ఎత్తే పిల్ల ఒకతె పాట పాడుకుంటూ వచ్చింది. ఈ పిల్లనే చంపుతారని హాల్లో అందరికీ అర్థమైంది. అంతవరకూ ఏ శవానికీ కదలని మా అత్త లేచింది. "గాలాడ్డం లేదు. బయట కూకుంటాను" అని వెళ్లిపోయింది. నేను వెనకే వెళ్లబోతే చెయ్యి ఊపి కూర్చోమంది. సినిమా అయ్యేదాకా లోపలికి రాలేదు.

ఆ పిల్లను చంపించింది మిల్లు ఓనరు. సినిమా మొదటి నుంచీ పూజలు చేస్తూ కనిపించిన పెద్దమనిషి. చంపడం మిల్లులో వంటావిడ బస్తాల చాటు నుంచి చూసింది. చూసి, నోరు మూసుకుంది. దెయ్యం అందర్నీ తుదముట్టించి ఆవిణ్ణి మాత్రం వదిలేసింది.

తిరుగు ఆటోలో కోడలు అదే పట్టుకుంది. "బస్తాల ఎనక నుంచి సూసినావిడ్ని దెయ్యం ఏటీ సెయ్యలేదేటి మావా? ఆవిడ ఒక్క మాట సెప్పుంటే ఇంత కత లేదు కదా."

నేను ఏదో అనేలోగా అత్త అందుకుంది. "సిన్న గుంట. అదేటి సెప్తాది? సెప్తే ఎవులు నమ్ముతారు?"

కోడలు నవ్వింది. "గుంటేటి అమ్మమ్మా, ఆవిడకి నలబైయేళ్లుంటాయి. నువ్వసలు సూడందే!"

అత్త బయటికి చూస్తూ ఉండిపోయింది. డెస్కులో ఉన్నప్పుడు ఒక వార్తలో మరో వార్త తాలూకు వాక్యం వచ్చి పడితే నా చెయ్యి ఆగిపోయేది. ఆటోలో అలాగే ఆగిపోయాను. అత్త చెప్పిన చిన్నపిల్ల ఆ సినిమాలో లేదు.

మర్నాడు పొద్దున వాకిట్లో గొడవ మొదలైంది. అన్నయ్య కొత్తచీర పొట్లం తెచ్చి కోడలి చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని అరుగు మీద పెట్టింది.

"ఆవిడ ఎలాగ పోయిందో సెప్పండి మావయ్యా. అప్పుడు కడతాను."

"బావిలో పడిపోయింది. పెళ్లిలోనే సెప్పాం కదా."

"ఎలాగ పడిపోయింది?"

"ఎలాగేటి? పడితే పడినట్టే."

"చచ్చినావిడ చీర నా ఒంటి మీద ఏసుకోమంటన్నారు. నాకు తెలవాలి కదా."

అన్నయ్య మొహం ఎర్రబడింది. "సినిమాలు సూసి ఇంటికొచ్చి కోర్టు పెడతన్నావా? ఈ చీర కట్టంది ఈ ఇంటి కోడలు కాదు. మీ నాన్నకి ఫోన్ సేస్తాను. గురువారం కట్టు, లేపోతే శుక్రవారం నౌపడ బండెక్కు."

అన్నయ్య మాట అని వెనక్కి తీసుకునే మనిషి కాదు. ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి గానీ చీర ముట్టలేదు. అత్త వంటగది గుమ్మంలో నిలబడి అంతా విని లోపలికి వెళ్లిపోయింది.

మధ్యాహ్నం అన్నయ్యను కదిపాను. అతను చెప్పిన కథ చిన్నప్పటి నుంచీ నేను విన్నదే. అది నేలబావి, గట్టు లేదు. వానకి కాలు జారి పడిపోయింది. ఆ తర్వాత ఇంట్లో పశువులు వరసగా చచ్చిపోయాయి. పెదనాన్నకి కలలో కనిపించి చీర పెట్టమంది. రాయి పాతారు. కోపం చల్లారింది.

"గట్టు లేదని నీకెలా తెలుసు? నువ్వు చూశావా?"

"నానప్పటికి పుట్టనేలేదు కదరా. మా యమ్మ ఆ తర్వాత కదా వచ్చింది."

"మరెవరు చెప్పారు?"

"నాన్న సెప్పాడు. ఇంకెవులు సెప్తారు?"

అక్కడ నాకు అనుమానం గట్టిపడింది. పశువులు చావడం ఊరంతా చూసింది. రాయి అందరికీ కనిపిస్తూనే ఉంది. కానీ బావి దగ్గర ఏం జరిగిందన్నది మాత్రం ఒక్క మనిషి చెప్పిందే. ఆ మనిషి ఆమె భర్త. బావిని పూడ్పించిందీ అతనే. మా ఇంట్లో ఈ కథను ఎప్పుడూ ఇంటర్వెల్ దాకానే చెప్పారు. ఆమె కోపం, ఆమె చేసిన చెరుపు, ఆమెకి పెట్టిన చీర, అంతే. ఇంత కోపం ఎందుకొచ్చిందని ఎవరూ అడగలేదు. కాలు జారి పడినావిడకి ఎవరి మీద పగ ఉంటుంది?

ఇంకొకటీ గుర్తొచ్చింది. ఏటా మొక్కుబడికి అత్త వస్తుంది గానీ, రాయి దగ్గరికి రాదు. కంది చేను అవతలే నిలబడుతుంది. భర్త పోయిన మనిషి కదా, ముత్తయిదువ రాయి దగ్గరికి రాకూడదని దూరంగా ఉంటోందనుకునేవాళ్లం. ఇప్పుడు అదీ అనుమానంగానే తోచింది.

గురువారం సాయంత్రం నలుగురం పొలానికి వెళ్లాం. కోడలు వచ్చింది, పొట్లం మాత్రం అన్నయ్య చంకలోనే ఉంది. అతను రాయి కడిగి పసుపు రాసి చీర చుట్టాడు. కొబ్బరికాయ కొట్టి, చీర విప్పి కోడలి ముందుకు చాచాడు. ఆమె చేతులు కట్టుకుని నిలబడింది.

"కట్టు" అన్నాడు.

"సెప్పండి."

"సెప్పాను కదా! నేలబావి. గట్టు లేదు. జారిపోయింది."

"గట్టు ఉండీది."

వెనక్కి తిరిగి చూశాం. అత్త కంది చేను దాటి వచ్చి మా వెనకే నిలబడి ఉంది.

"నన్ను గట్టు మీద కూకోబెట్టి తల దువ్వీది. నా నడుమెత్తుండీది గట్టు. ఎలాగ జారతాదిరా?"

"అది వేరే బావేమో అత్తా" అన్నాడు అన్నయ్య.

"మనకి ఎన్ని బావులుండీవిరా?"

అత్త రాయి పక్కన కూలబడింది. కోడలు ఆమె ఎదురుగా కూర్చుంది. తర్వాత అత్త చెప్పింది ఆ పిల్లకే, మాకు కాదు.

"ఆ దినం కూడా దువ్వింది. నీలు తోడడానికి వొంగింది. అన్న ఎనక నుంచి వచ్చినాడు. 'ఇంటికెల్లి అమ్మని పిలుసుకురా' అన్నాడు. పరిగెట్టినాను. అమ్మకి సెప్పినాను. అమ్మ లెగనేదు. నన్ను పొయ్యి కాడ కూకోబెట్టి, 'ఇక్కడే ఉండు, ఎల్లకు' అంది. బువ్వెట్టింది. నాను తిన్నాను. తిన్నాక ఊరోలు అరుస్తంటే ఎల్లి సూసాను."

"నువ్వు ఎవరికీ సెప్పలేదా అమ్మమ్మా?"

"ఎవులికి సెప్పాల? అమ్మకి తెల్సు. అన్నకి తెల్సు. నాకు ఎనిమిదేళ్లు. తర్వాత ఈ ఇంట్లోనే తిండి తినాల్సొచ్చింది."

ఇది వార్తగా నా బల్ల మీదికి వచ్చి ఉంటే నేను వేసేవాణ్ణి కాదు. అత్త చూసింది పెదనాన్న రావడం వరకే. పిలుచుకు రమ్మన్నవాడు నిజంగానే సాయానికి పిలిచాడేమో. తల్లికి ఒంట్లో బాగా లేదేమో. ఇలా సర్దిచెప్పుకోవచ్చు. కానీ పిలుపు వచ్చినప్పుడు లేవకుండా పిల్లకి అన్నం పెట్టి కూర్చోబెట్టిన ఆ తల్లి నాకు నాయనమ్మ. చిన్నప్పుడు ఆవిడ చేతి అన్నం నేనూ తిన్నాను. అదే పొయ్యి దగ్గర.

అన్నయ్య చీర పట్టుకునే నావైపు తిరిగాడు. "ఒరే, ఇది రాసీకు" అన్నాడు. జరగలేదని మాత్రం అనలేదు.

కోడలు లేచి అతని చేతిలోంచి చీర తీసుకుంది. కట్టుకున్నదాని మీదే చుట్టుకుని కొంగు దోపుకుంది. రాయికి దణ్ణం పెట్టి, అత్తను చెయ్యి పట్టి లేవదీసింది. అన్నయ్య ఊపిరి పీల్చుకోవడం వినిపించింది. చీర కట్టింది కాబట్టి అంతా సర్దుకుందనుకున్నాడేమో, గొంతు మెత్తబడింది.

"నడు తల్లీ, సీకటి పడతాది. నీ ఎనకాల నేనొస్తాను."

ఏటా వరస అదే. చీర కట్టిన కోడలు ముందు, మగవాళ్లు వెనక. ఆ పిల్ల అత్త చెయ్యి వదలకుండా తోవ పక్కకి జరిగి నిలబడింది.

"మీరు ముందు నడండి మావయ్యా."

అన్నయ్య నావైపు చూశాడు. తర్వాత తలవంచుకుని కదిలాడు. ఆమె కళ్లు నా మీదికి తిరిగాయి. నేనూ ముందుకే నడిచాను.