నా పేరు మీదున్న ట్రక్కు

నాకు కోపం ఎక్కువని మా ఆయన అందరికీ చెబుతుంటాడు. ఎక్కువే. ఈ ట్రక్కు సంగతి తలుచుకుంటే మరీ ఎక్కువ. రెండేళ్ళు గడిచినా ఆ మంట చల్లారలేదు కాబట్టి ఇదంతా శాంతంగా చెబుతానని నేనేమీ మాటివ్వడం లేదు.

యాభై ఐదో ఏట నేను కొత్త డీజిల్ పికప్ ట్రక్కు కొన్నాను. ముందు నాలుగు తలుపుల క్యాబిను, ఐదుగురు కూర్చోవచ్చు. వెనక డబుల్‌కాట్ మంచం పట్టేంత తొట్టి. తెల్ల నంబరు ప్లేటు, అంటే కిరాయికి కాదు, సొంత వాడకానికి. మా నాన్న కడప బండలు మోసే లారీ నడిపేవాడు, అదీ పరాయివాళ్ళ లారీ. బడి సెలవుల్లో ఆయన పక్కన కూర్చుని చాలా ఊళ్ళు తిరిగాను. అంత ఎత్తు నుంచి రోడ్డు చూసినవాళ్ళకి కారెక్కితే గోతిలో కూర్చున్నట్టు ఉంటుంది. ఢిల్లీలో ముప్పై ఏళ్ళు ప్రభుత్వ ఉద్యోగం చేసి, చార్టర్డ్ బస్సుల్లోనూ మెట్రోలోనూ మా ఆయన చిన్న కారులోనూ ఒదిగి కూర్చుని తిరిగాక, నాకు ఆ ఎత్తు మళ్ళీ కావాలనిపించింది. అంతకన్నా పెద్ద కారణమేమీ లేదు. ఉండాలా?

"ఢిల్లీలో డీజిల్ బండికి ఆయుష్షు పదేండ్లే. ఈ వయసులో లారీ యాల మే మనకు?" అన్నాడు మా ఆయన.

"నా సర్వీసు ఇంక అయిదేండ్లే. నాకన్నా అదే మేలు" అన్నాను.

గుర్‌గావ్‌లో షోరూముకి ఇద్దరం వెళ్ళాం. ఇంజను గురించి అడిగింది నేను. బరువు లాగే శక్తి గురించి, నాలుగు చక్రాలూ తిరిగే గేరు గురించి అడిగింది నేను. జవాబులన్నీ మా ఆయన మొహం చూసి చెప్పాడు ఆ సేల్స్ కుర్రవాడు. రివర్స్ చేయాలంటే కారు దిగి వెనక్కి చూసొచ్చే మనిషి ఆయన. అన్నీ అర్థమైనట్టు తలూపుతూ కూర్చున్నాడు. చివరికి ఆ కుర్రవాడు నా వైపు తిరిగి, "మేడమ్, ఆప్ కలర్ పసంద్ కర్ లీజియే" అన్నాడు. నాకు రంగు మాత్రం ఎంచుకునే హక్కు ఇచ్చాడన్నమాట. లేచి వచ్చేద్దామనుకున్నాను. బండి చేసిన పాపమేముందని ఆగిపోయాను.

గుళ్ళో పూజ కూడా అలాగే జరిగింది. టైరు కింద పెట్టిన నిమ్మకాయలు నలిగినట్టు కూడా తెలియలేదు, బండి అంత బరువు. బానెట్ మీద పసుపూ కుంకుమా పెట్టడానికి పూజారిగారికి చెయ్యి అందక స్టూలు తెప్పించుకున్నారు. బండి ఎవరి పేరు మీదని అడిగారు. నా పేరూ నక్షత్రమూ చెప్పాను. ఆయన విని, తలూపి, మా ఆయన పేరు అడిగి తెలుసుకుని సంకల్పం ఆ పేరుతోనే చదివారు. నేను పక్కన హారతి పళ్ళెం పట్టుకుని నిలబడ్డాను. దేవుడి ముందు గొడవెందుకని నోరు మూసుకున్నాను. ఇప్పుడైతే మూసుకోను.

అయినా ఆ రోజు సంతోషంగానే ఉన్నానని ఒప్పుకోవాలి. ధౌలా కువాన్ ఫ్లైఓవర్ ఎక్కి యాక్సిలరేటర్ మీద కాలు కొంచెం నొక్కగానే ఇంజను గొంతు మారింది. అది అరుపు కాదు, గట్టి మనిషి బరువెత్తేముందు చేసే మూలుగు. నాకు ఒళ్ళంతా పులకరించింది. చుట్టూ కార్ల పైకప్పులు కనిపిస్తున్నాయి. ఎడాపెడా దూరే ఎస్‌యూవీ వాళ్ళు నన్ను చూసి పక్కకి తప్పుకుంటున్నారు. ముప్పై ఏళ్ళలో ఢిల్లీ నాకు దారి ఇవ్వడం అదే మొదలు. వెనక సీట్లో మా అమ్మాయి "మమ్మీ, స్లో, ప్లీజ్" అంటోంది. నేను పెద్దగా నవ్వుతున్నాను. అశోకా రోడ్‌లో తెలుగు భోజనం చేద్దామని వెళితే పార్కింగ్ అతను మాత్రం చెయ్యి అడ్డం పెట్టి, "సామాన్ ఉతార్నా హై తో పీఛే సే" అన్నాడు. సరుకు దింపడానికి వచ్చాననుకున్నాడు. పప్పు తినడానికి వచ్చానని చెప్పి ముందువైపే పెట్టాను.

మా ప్రభుత్వ క్వార్టర్ల కాలనీ గేటు దగ్గరా ఇదే తంతు. గార్డు నెల రోజులు నన్ను సరుకుల గేటుకి పంపాడు. పదేళ్ళుగా రోజూ నమస్తే పెట్టే మనిషి. "డ్రైవర్ కహా హై, ఆంటీజీ?" అని డ్రైవరు కోసం క్యాబిన్లోకి తొంగి చూసేవాడు. స్టీరింగ్ పట్టుకుని కూర్చున్నది నేనే అయినా.

మాలాంటి ఉద్యోగులకి ఒక నియమం ఉంది. రెండు నెలల మూలవేతనం దాటిన వస్తువు ఏది కొన్నా నెలలోపు ఆఫీసుకి రాసి తెలియజేయాలి. అందరూ తెలివిగా 'మోటారు వాహనం' అని ముక్తసరిగా రాసి వదిలేస్తారు. నేను రాయలేదు. వివరణ అన్న గడిలో, బ్రోచర్ ముందు పెట్టుకుని, హెవీ డ్యూటీ డీజిల్ పికప్ ట్రక్కు అని గుండ్రటి అక్షరాలతో రాశాను. ఎందుకోసం అన్న గడిలో, సొంత వాడకానికి, అవసరమైతే సామాన్ల తరలింపుకి అని రాశాను. ముప్పై ఏళ్ళు ఫైళ్ళలో ఒక్క అబద్ధం రాయనిదాన్ని. ఆ గర్వంతో రాశాను.

"కారని రాసెయ్ మే, ఎవురు చూస్తారు" అన్నాడు మా ఆయన. ఆయన మాట వినాల్సింది అని ఈ రోజుకీ అనను.

బండి కొన్నప్పుడు ముక్కున వేలేసుకున్నవాళ్ళంతా రెండో నెల నుంచి ఫోన్లు మొదలుపెట్టారు. ఒకరికి ఫ్రిజ్, ఒకరికి సోఫా, ఒకరికి వినాయకుడి విగ్రహం. బేర్ సరాయ్‌లో సివిల్స్‌కి చదివే ఇద్దరమ్మాయిలు గది మారుతుంటే పుస్తకాల మూటలన్నీ ఒక్క విడతలో చేర్చాను. వాళ్ళిద్దరే నాకు ముందు టీ ఇప్పించి, తర్వాత పని అడిగారు. మిగతావాళ్ళు మా తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో నన్ను 'మన ట్రాన్స్‌పోర్ట్ కంపెనీ' అని పిలవడం మొదలుపెట్టారు. నేనూ నవ్వే ఊరుకున్నాను. అంత మూర్ఖురాలిని.

వాళ్ళలో ఒకాయన మా డిపార్ట్‌మెంటే, మా కాలనీయే. గోదావరి జిల్లా మనిషి. నాకన్నా చిన్నవాడు, సీనియారిటీ లిస్టులో సరిగ్గా నా కింది పేరు. భార్యకి మోకాళ్ళ నొప్పులని మూడో అంతస్తు నుంచి కాలనీ అవతలి చివర కింది అంతస్తు క్వార్టరుకి మారాడు. "ఆయ్, అక్కగారి బండి ఉండగా మాకేం లోటండి" అన్నాడు. ఒక ఆదివారం పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా నాలుగుసార్లు తిప్పాను. వాళ్ళ పచ్చ బీరువాకి నా చేతులతో నేనే తాడు కట్టాను. పైసా తీసుకోలేదు. పులిహోర పెట్టారు, తిన్నాను.

నాలుగు నెలల తర్వాత ఆఫీసులో నాకో మెమో వచ్చింది. ప్రభుత్వోద్యోగి అయివుండి కిరాయికి బండి నడుపుతున్నానని ఎవరో పేరులేని ఫిర్యాదు పంపారు. జతగా నేను ఫారంలో రాసిన 'సామాన్ల తరలింపు' అన్న మాట, వాట్సాప్‌లో 'ట్రాన్స్‌పోర్ట్ కంపెనీ' అన్న వేళాకోళం, ఒక ఫోటో. ఫోటోలో నేను కొంగు బిగించి బీరువాకి తాడు లాగుతున్నాను. పచ్చ బీరువా. పై నుంచి తీసిన ఫోటో. ఆ రోజు నా బండికి సరిగ్గా పైన ఆ ఎత్తులో ఉన్నది ఒక్కటే బాల్కనీ, నేను ఖాళీ చేయిస్తున్న ఇంటి బాల్కనీ.

అరికాలి మంట నెత్తికెక్కడమంటే ఏమిటో అప్పుడు తెలిసింది. ఆ నెలాఖరుకే ప్రమోషన్ కమిటీ ఉంది. ఖాళీ ఒక్కటే. లిస్టులో ముందున్నది నేను, ఆ తర్వాత అతను. నా మీద విచారణేదీ లేదని విజిలెన్సు వాళ్ళు కాగితం ఇవ్వకపోతే నా పేరు పక్కన పెడతారు. నా సర్వీసులో మరో అవకాశం రాదు.

మా డైరెక్టరుగారు మంచివాడే. పిలిచి కూర్చోబెట్టి టీ ఇచ్చాడు. "మేడమ్, ఫార్మాలిటీ హై. లిఖ్ దీజియే కి గాడీ హస్బెండ్ కీ హై, ఆప్ చలాతీ నహీ. బస్, ఖతమ్" అన్నాడు. బండి మా ఆయనదని, నేను నడపనని రాసి, ఆయన పేరుకి మార్పించేస్తే రెండు రోజుల్లో మూసేస్తారట. ఇంటికొస్తే మా ఆయనా అదే పాట. "పేరులో ఏముండాది మే? బండి ఇంట్లోనే కదా ఉంటాది."

పేరులో ఏమీ లేకపోతే అందరికీ అది ఆయన పేరే ఎందుకు కావాలి? షోరూములో ఆయన బండి, గుళ్ళో ఆయన బండి, గేటు దగ్గర ఏ డ్రైవరుదో బండి. ఇప్పుడు అది నాది కాదని నా చేత్తోనే రాసి సంతకం పెట్టాలి. నేను పెట్టలేదు. బండి నాది, నడిపేది నేను, ఎవరి దగ్గరా కిరాయి తీసుకోలేదు, ఫోటోలో ఉన్న సామాన్లు ఫలానా ఉద్యోగివి, ఆయన్నే అడగండి అని రాసిచ్చాను.

అడిగారు. అవును, ఉచితంగానే చేర్చింది అని ఒక్క వాక్యం రాస్తే చాలు. ఆ మనిషి సెలవు పెట్టి భార్యతో తీర్థయాత్రకి వెళ్ళాడు. కమిటీ కూర్చుంది, లేచింది. ప్రమోషన్ అతనికి వచ్చింది. తర్వాత తీరిగ్గా వచ్చి, ఉచితమే అని రాసిచ్చాడు. మెమో మూసేశారు. నా మీద ఏ మచ్చా లేదని కాగితం కూడా ఇచ్చారు. దాన్ని నేనేం చేసుకోను?

కిందటి నెల అతని ఫోన్ వచ్చింది. కొత్త హోదాకి పెద్ద క్వార్టరు వచ్చిందట.

"అక్కగారూ, మరేం లేదండి, ఈ ఆదివారం మన బండి కాస్త..."

"ఆ ఫోటో మీ బాల్కనీలోంచి తీసిందే కదా?" అన్నాను.

వాళ్ళింట్లో కుక్కరు విజిల్ వినిపించింది.

"అయ్యో, అది మా ఆవిడ సరదాకి తీసిందండి. ఎవరికెళ్ళిందో ఏంటో మరి. పాత సంగతులు ఇప్పుడెందుకండి" అన్నాడు. మళ్ళీ తనే, "మరి ఆదివారం ఎన్నింటికి వస్తారండి?" అన్నాడు.

"రాను. నా బండీ రాదు" అని పెట్టేశాను.

మా ఆయన పేపరు పక్కన పెట్టాడు. అంతా విన్నాడు. "పోనీలే మే, ఒక పూట పనే కదా. ఆయప్ప ఇప్పుడు పై ఆఫీసరు, మనకెందుకు పగ? తాళాలియ్యి, నేను తోలుకపోతాలే" అని చెయ్యి చాచాడు.

మేకుకి ఉన్న తాళాలు తీసి గుప్పిట్లో పెట్టుకున్నాను.

"బండి ఎవురి పేరు మీద ఉండాది?" అని అడిగాను.

ఆయన నవ్వబోయి, నా మొహం చూసి మానుకున్నాడు. టీవీ వైపు చూశాడు. చాచిన చెయ్యి మెల్లగా దించుకున్నాడు. నేను కదల్లేదు. ఎంతసేపైనా సరే, ఆయన నోటితో వినాలని అక్కడే నిలబడ్డాను.

"నీ పేరు మీదనే" అన్నాడు.