నరసక్క గోనెసంచి

పొద్దున్నే తలుపు వెనక నుంచి గోనెసంచి తీయగానే ఎండుగడ్డి వాసన, దుమ్ము కలిసి ముక్కులోకి వస్తాయి. ఒక తుమ్ము తుమ్మి బయలుదేరతాను. ఈ సంచి నాది కాదు. మా పక్కింటి నరసక్కది.

తిరుమణిలో మా చేను సోలారు ప్యానెళ్ళకు కౌలుకిచ్చాక చేనికి నడిచే పని పోయింది. నేను కుట్టుమిషను ముందు కూర్చున్నాను. కూర్చున్నచోటే ఒళ్ళు పెరిగింది, షుగరు వచ్చింది. రోజూ నడవకపోతే చూపు దెబ్బతింటుందని పావగడ డాక్టరమ్మ మొహం మీదే చెప్పింది. చూపు పోతే నా కుట్టుపని గతేమిటి? భయపడి మర్నాడే రోడ్డెక్కాను. కానీ మా ఊళ్ళో పని లేకుండా నడిచే మనిషి ఉండడు. ఎదురైన ప్రతివాళ్ళూ "యాడికి పోతాండావు?" అని అడిగేవారు. "ఊరికే" అంటే నవ్వేవారు, లేదా ఇంట్లో గొడవ జరిగిందనుకునేవారు. వారం తిరక్కుండానే సిగ్గేసి మానేశాను.

నరసక్క చేను కూడా ప్యానెళ్ళ కిందే ఉంది. గొర్రెలను ఎప్పుడో అమ్మేసింది. అయినా రోజూ సంచి, కొడవలి పట్టుకుని ప్యానెళ్ళ చుట్టూ వేసిన కంచెదాకా పోయి వచ్చేది. ఒకరోజు నన్నూ పిలిచింది.

"గొర్రెలే లేవు గదక్కా, గడ్డి ఎవురికి?" అన్నాను.

"చేతిలో సంచి ఉంటే ఎవురూ అడగరు. పా."

నిజంగానే ఎవరూ అడగలేదు. కంచె పక్కన నాలుగు పిడికిళ్ళ గడ్డి కోసి, దారిలో ఎవరి ఆవు కనిపిస్తే దాని ముందు వేసి వచ్చేవాళ్ళం. ఆమె పెద్దగా మాట్లాడే మనిషి కాదు. మోకాళ్ళ నొప్పుల ఊసే ఎత్తేది కాదు. తన చేను ఉన్న ప్యానెళ్ళ వరస దగ్గర మాత్రం కంచె పట్టుకుని కాసేపు నిలబడేది.

పెళ్ళిళ్ళ కాలంలో జాకెట్లు మీదపడ్డాయి. "రేపొస్తాలే అక్కా" అనడం నాకు అలవాటైంది. ఆమె వాదించలేదు. ఒకరోజు తిరిగొస్తూ సంచిని మా గడప లోపల పెట్టింది.

"ఈడ్నే ఉండనీ. రేప్పొద్దున నువ్వు ఎత్తుకోని రా. సంచి లేకుంటే నేను యాడికీ పోలేను."

మర్నాడు చలి, బద్ధకం. కిటికీలోంచి చూస్తే కొడవలి పక్కన పెట్టుకుని తన అరుగు మీద కూర్చుని ఉంది. పిలవదు, కదలదు. నాకు ఒళ్ళు మండింది. తిట్టుకుంటూనే సంచి తీసుకుని వెళ్ళాను. ఆ తర్వాత సంచి మా ఇంట్లోనే ఉండిపోయింది. నా కోసమైతే ఎన్నిసార్లు మానేసేదాన్నో. పెద్దామెను అరుగు మీద కూర్చోబెట్టి పడుకోలేకపోయాను.

పోయినేడు నరసక్క చనిపోయింది. దినాలు అయ్యాక, ఒక పొద్దున తలుపు తీస్తే అరుగు ఖాళీగా ఉంది. ఇక నన్ను లేపేవాళ్ళు లేరు, హాయిగా పడుకోవచ్చు అనుకున్నాను. ఏడుపొచ్చింది. సంచి తీసుకుని కంచెదాకా పోయి, ఆమె నిలబడే చోట కాసేపు నిలబడి వచ్చాను.

నిన్న సంచి అడుగు చిరిగింది. పారేసి కొత్తది తెచ్చుకోమన్నారు ఇంట్లో. జాకెట్టు లైనింగు ముక్కతో మాసిక వేద్దామని గుమ్మం వెలుతురులో కూర్చుని సన్నసూది తీశాను. దారం మొదటిసారికే ఎక్కింది.