రెండంగుళాలు ఎక్కువే

అనంతపద్మనాభంగారి లెక్కలో ఈ లోకంలో ప్రతి వస్తువూ ఉండాల్సిన దానికంటే రెండంగుళాలు ఎత్తుగా ఉంది. మంచం ఎత్తు. కుర్చీ ఎత్తు. గోడకి కొట్టిన మేకు ఎత్తు. ఇంట్లోకి కొత్త వస్తువు ఏది వచ్చినా ఆయన దాని ముందు నిలబడి, ఒక కన్ను మూసి, తల పక్కకి వాల్చి చూసేవారు. అలా చూశారంటే ఆయన భార్య లక్ష్మీసుందరిగారికి గుండెల్లో రాయి పడేది. తర్వాత వచ్చే మాట ఆవిడకి కంఠతా వచ్చు.

"రెండంగుళాలు ఎక్కువైంది సుందరీ."

ఇరిగేషన్ ఆఫీసులో ఫైళ్లు చూసుకునే మనిషికి ఇంట్లో రంపం ఎందుకని చోడవరంలో ఎవరూ అడగరు. పెళ్లయిన కొత్తలోనే పందిరిమంచం కాళ్లు కోసేశారు. ఆ తర్వాత వంటగది గట్టు పగలగొట్టించి కిందకి కట్టించారు. స్విచ్చి బోర్డులు దిగాయి, దండెం దిగింది, దేవుడి అర దిగింది. భోజనాల బల్ల మీద వేలాడే దీపం కూడా, దుమ్ము తుడవడానికి వీలుగా ఉండాలని, ఒక మెట్టు దిగింది.

ఇందులో విడ్డూరం ఏమిటంటే పద్మనాభంగారు ఆరడుగుల పైచిలుకు మనిషి. తన వంటగదిలో తను కాఫీ కలుపుకోవాలంటే గట్టుకి సాష్టాంగం చేస్తున్నట్టు వంగేవారు. దీపం తగిలి ఆయన నుదుటి మీద బొప్పి ఎప్పుడూ ఒకటి తాజాగా ఉండేది.

"తగిలేది మీకే కదండీ. పైకి కట్టించెయ్యొచ్చు కదా," అనేది ఆవిడ, బొప్పికి వెన్న రాస్తూ.

"నాకు తగిలినంత మాత్రాన తప్పు ఎత్తు ఒప్పయిపోతుందా?" అనేవారు ఆయన.

సొంత ఇంటితో ఆగినా ఆవిడ సర్దుకుపోయేది. పక్కింటి శాలోమి నర్సు. ఒకరోజు డ్యూటీ నుంచి వచ్చి చూసుకుంటే ఆ అమ్మాయి గుమ్మం దగ్గర కాలింగ్ బెల్లు కిందకి దిగిపోయి ఉంది.

"సుందరక్కా, మా బెల్లు అన్నయ్యగారే దించేరా?" అని అడిగింది శాలోమి, కోప్పడాలో నవ్వాలో తెలియక.

"ఇంకెవరు దించుతారే."

"అలాగైతే ఈధిలో కుక్కలు కూడా బెల్లు కొట్టొచ్చేత్తాయి అక్కా."

సుందరిగారు హైస్కూల్లో లెక్కలు చెబుతుంది. వార్షికోత్సవానికి పిలిస్తే పద్మనాభంగారు నాటికలూ డాన్సులూ వదిలేసి, ఖాళీ క్లాసురూములో నల్లబల్ల ముందు ఒక కన్ను మూసుకుని నిలబడ్డారు. మర్నాడే వడ్రంగిని వెంటబెట్టుకుని హెడ్మాస్టరు దగ్గరికి వెళ్లారు. "ఇన్నేళ్లలో ఈ బోర్డు గురించి ఎవరూ ఏమీ అనలేదండీ," అన్నాడు హెడ్మాస్టరు. "అనేవాళ్లయితే గొడవేముందండీ," అన్నారు పద్మనాభంగారు. బోర్డు దిగింది. ఆ వారమంతా సుందరిగారు స్టాఫ్ రూములో తల దించుకునే టీ తాగింది.

ఇలాంటి మనిషి, సీలింగ్ ఫాను కొనుక్కొస్తానని విశాఖపట్నం వెళ్లి, సాయంత్రానికి ఎర్రటి స్పోర్ట్స్ కారులో తిరిగొచ్చారు. రెండే తలుపులు, రెండే సీట్లు. వీధిలో ఆగిన ఆ కారులోంచి ముందు ఒక మోకాలు వచ్చింది, తర్వాత ఒక మోచెయ్యి, ఆ తర్వాత మడతమంచం విప్పినట్టు మిగతా మనిషి వచ్చాడు.

"ఏటండీ ఇది?" అంది సుందరిగారు.

"ఇన్నాళ్లకి దొరికింది సుందరీ. సరైన ఎత్తులో ఉన్న వస్తువు."

"ఫాను ఏదీ?"

"ఫాను మళ్లీ చూద్దాం. ఇది ఒక ఎముకల డాక్టరుగారి బండి. నడుం నొప్పి వచ్చి అమ్మేశారు."

ఎముకల డాక్టరుకే నడుం నొప్పి తెప్పించిన బండి మన నడుముల్ని ఏం చేస్తుందని ఆవిడ అడిగింది. ఆయన వినలేదు. బానెట్ మీద చెయ్యి వేసి, చంటిపిల్లని నిద్రపుచ్చుతున్నట్టు నిమురుతున్నారు.

ఆ బండిలో మొదటి ప్రయాణం రావికమతంలో ఒక పెళ్లికి. స్పీడ్‌బ్రేకర్ వచ్చినప్పుడల్లా బండి అడుగు గీసుకుపోతుందని ఆయన బెంగ. "ఒక్క నిమిషం దిగు సుందరీ," అనేవారు. పట్టుచీర కుచ్చెళ్లు ఎత్తిపట్టుకుని, తలుపు పట్టుకుని వేలాడి ఆవిడ దిగేది. బండి ఏటవాలుగా, పురిటి మనిషిలా నెమ్మదిగా దాటేది. ఆవిడ నడిచి వెళ్లి మళ్లీ ఎక్కేది. దారిలో చెరుకు బళ్లవాళ్లు బళ్లు ఆపుకుని మరీ చూశారు. "ఏటమ్మా, బండి మొరాయించిందా?" అని ఒకడు అడిగాడు కూడా. సగం దూరం కారులో, సగం దూరం కాలినడకన ఆవిడ పెళ్లికి చేరింది.

అసలు పరాభవం అక్కడ జరిగింది. ఆ కారు తలుపు కింద గడప అరుగంత వెడల్పు. సీటేమో లోపలికి గుంటలా ఉంటుంది. తలుపు పట్టుకోవడానికి లేకుండా పెళ్లివారి పెద్దాయన ఎవరో మర్యాదకొద్దీ దాన్ని బార్లా తెరిచేశాడు. సుందరిగారు కాలు బయటపెట్టింది. కాలు నేల కోసం వెతికింది. ఇంకాస్త కిందకి వెతికింది. ఆ వెతుకులాటలో ఆవిడ గడప మీంచి జారి, సన్నాయి మేళం ముందు నేల మీద చతికిలబడింది. డోలు వాయించేవాడు ఒక దెబ్బ మరిచిపోయాడు.

"చెప్పు జారింది," అంది ఆవిడ లేచి, దుమ్ము దులుపుకుంటూ. "కొత్త చెప్పులు."

ఆవిడ అబద్ధమాడలేదు, నిజంగా అలాగే అనుకుంది. తను మధ్యస్థపు ఎత్తు మనిషినని లక్ష్మీసుందరిగారి నమ్మకం. గ్రూపు ఫొటోల్లో తనని ఎప్పుడూ ముందు వరసలో నిలబెట్టేది లెక్కల టీచరుకి ఇచ్చే గౌరవమని అనుకుంటుంది. కాదని చెప్పే ధైర్యం ఆవిడ అక్కచెల్లెళ్లకి లేదు, తోటి టీచర్లకి లేదు.

పద్మనాభంగారు ఆ పెళ్లిలో సరిగ్గా భోంచెయ్యలేదు. చెయ్యి కడుక్కుని వచ్చి కారు ముందు నిలబడ్డారు. ఒక కన్ను మూశారు. తల పక్కకి వాల్చారు.

"వద్దు," అంది సుందరిగారు. "ఆ మాట అనకండి."

"రెండంగుళాలు ఎక్కువైంది సుందరీ."

"దీన్ని ఇంకా ఎక్కడికి దించుతారండీ? కింద భూమి ఉంది."

అయినా దించారు. ఎక్కడో కోయంబత్తూరులో పొట్టి స్ప్రింగులు దొరుకుతాయట. చక్రాల పైనుండే అసలు స్ప్రింగులు పీకేసి ఇవి పెడితే బండి మొత్తం కిందకి కూర్చుంటుందట. పది రోజులు ఫోన్లు నడిచాయి. పసుపుపచ్చ స్ప్రింగులు నాలుగు పెద్ద అట్టపెట్టెలో దిగాయి. శాలోమి వచ్చి ఒకటి చేత్తో తడిమి, "పరుపులోకా అక్కా?" అంది.

"నా నెత్తికి," అంది సుందరిగారు. "ఇక ఆ బండిలో కాలు పెడితే ఒట్టు. ఆయన్నే తిరగమను, ఆయనా ఆయన స్ప్రింగులూ."

అనకాపల్లి రోడ్డులో గేరేజి నడిపే రిచర్డ్ కూడా ఆ పెట్టె చూసి నీరసపడ్డాడు.

"సార్, ఈ ఊర్లో అందరూ బండి పైకి లేపమని ఒస్తారు. మన రోడ్లు అలాటివి. దించమని ఒచ్చినోళ్లు మీరొక్కరే."

"అందరూ పొరపడితే నేనేం చేసేది?"

"గుంతలో పడితే అడుగు పగిలిపోద్ది సార్."

"గుంతలో పడకుండా నేను చూసుకుంటాను. నువ్వు దించు."

ఆదివారం ప్రార్థన అయ్యాక పని మొదలుపెడతానన్నాడు రిచర్డ్. పద్మనాభంగారు ప్రార్థన అయ్యేదాకా చర్చి బయట కారులోనే కూర్చున్నారు. మధ్యాహ్నం భోజనానికి రాలేదు. ఫోను చేస్తే, "ఎడమవైపు ఇంకా తేలలేదు," అని పెట్టేశారు. వంకాయ కూర చల్లారిపోయింది. పులుసు చల్లారిపోయింది. సుందరిగారికి మాత్రం లోపల ఒక్కో మంటా రాజుకుంది. మంచం పోతే పోయింది, నల్లబల్ల దగ్గర పరువు పోతే పోయింది, ఇక చాలు. ఇవాళ ఆ స్ప్రింగులు ఊడదీయించి, పాతవి పెట్టించి, బండి అమ్మకానికి బోర్డు కట్టించి గానీ ఇంటికి రాకూడదనుకుంది. చెప్పులు వేసుకుని ఎండలోనే బయలుదేరింది.

గేరేజిలో చక్రాలు బిగించేసి కారుని నేల మీదకి దించారు. ఎర్ర కారు ఇప్పుడు అచ్చంగా కోళ్లగంపలా నేలకి అంటుకుపోయి ఉంది. దాని పక్కన పద్మనాభంగారు మట్టిలో మోకాళ్లు ఆన్చి, టేపుతో గడప దగ్గర కొలుస్తున్నారు. రిచర్డ్ సీట్లో పక్కకి తిరిగి కూర్చుని, ఒక కాలు బయటపెట్టి, మోకాలు మడిచి, పాదం గాల్లో పట్టుకుని ఉన్నాడు. వాడి మొహం ఏడుపుకి సిద్ధంగా ఉంది.

"రిచర్డ్, అవి తీసెయ్యి," అంది సుందరిగారు వస్తూనే.

వాడు ఆవిడని చూసి కారులోంచి ఒక్క ఉదుటున లేచాడు.

"అమ్మగారూ, ఒచ్చేరా, బతికించేరు. ఓపాలి మీరే కూకుని కాలు కింద పెట్టండి. మీ పాదం పూర్తిగా నేలకి ఆనితే గానీ సార్ నన్ను ఒగ్గనంటన్నారు."

"నా పాదమా?"

"మరేటి. పొద్దుట్నుంచి మీ కాలికి బదులు నా కాలు మడతపెట్టిత్తన్నారు. ఇంకొంచెం మడువు, ఇంకొంచెం మడువు అని. తిమ్మిరెక్కిపోనాది తల్లీ."

పద్మనాభంగారు టేపు చూసుకుంటున్నారు. టేపులో చూడ్డానికి అంత ఏమీ లేదు.

సుందరిగారు ఒట్టు సంగతి మరిచిపోయి కారులో కూర్చుంది. పక్కకి తిరిగి కాలు బయటపెట్టింది. కాలు దేనికోసమూ వెతకలేదు. పాదం మడమతో సహా, తాపీగా నేల మీద కూర్చుంది. చెయ్యి ఎక్కడా ఆన్చకుండా లేచి నిలబడింది. మళ్లీ కూర్చుంది. మళ్లీ లేచింది.

అప్పుడు ఆవిడకి వంటగది గట్టు గుర్తొచ్చింది. ఆ గట్టు దగ్గర ఆవిడ ఒక్కరోజు కూడా మునివేళ్ల మీద నిలబడలేదు. దండెం, దేవుడి అర, తను రాసే నల్లబల్ల. తను రోజూ వెళ్లి కొట్టే శాలోమి ఇంటి బెల్లు. ఆయన ఆఫీసులో ఆకాశాన్నంటే బీరువాలున్నాయి. వాటి జోలికి ఆయన ఎప్పుడైనా వెళ్లారా? వెళ్లలేదు.

"ఏమండీ," అంది ఆవిడ. "నేను పొట్టిదాన్నా?"

రిచర్డ్ ఒక స్పానరు పట్టుకుని గేరేజి లోపలికి వెళ్లిపోయాడు.

పద్మనాభంగారు లేచి నిలబడి మోకాళ్ల మట్టి దులుపుకున్నారు. "ఎవరన్నారు?" అన్నారు కాస్త కోపంగానే. "నువ్వు సరిగ్గానే ఉన్నావు. వస్తువులు చేసేవాళ్లకే కొలతలు తెలీవు. ఒక్కడికీ తెలీదు. అన్నీ మనమే సరిచేసుకోవాలి."

ఆవిడ తిట్టడానికి ఇంటి దగ్గర్నుంచి తెచ్చుకున్న మాటలన్నీ ఎక్కడికో పోయాయి. చివరికి, "అన్నం తిన్నారా?" అంది.

"లేదు."

"తాళం ఇటివ్వండి. నాకూ లైసెన్సు ఉంది."

ఆయన ఇచ్చేశారు. ఇస్తూ, అటెటో చూస్తూ, "సీటు ముందుకి జరుగుతుంది. చివరిదాకా జరుగుతుంది. కొనేటప్పుడే చూశాను," అన్నారు.

రిచర్డ్ షట్టరు దగ్గర నిలబడి, కారు రోడ్డెక్కేదాకా శిలువ గుర్తు వేసుకుంటూనే ఉన్నాడు. పక్క సీట్లో పద్మనాభంగారు మోకాళ్లు చెవుల దాకా ముడుచుకుని కూర్చున్నారు. సుందరిగారు రెండు చేతులతో స్టీరింగు పట్టుకుని, రెండో గేరు కంటే పైకి వెళ్లకుండా, ఎదురుగా వచ్చే ప్రతి సైకిలుకీ హారను కొడుతూ నడిపింది. మొదటి స్పీడ్‌బ్రేకర్ వచ్చింది. ఆవిడ ఆపింది.

"దిగండి," అంది.

ఆయన విడతలు విడతలుగా దిగారు. కారు ఏటవాలుగా, గీసుకోకుండా దాటింది. ఆయన నడిచి వచ్చి తలుపు మీద చెయ్యి వేశారు.

"ముందర ఇంకోటి ఉంది సుందరీ. దాని తర్వాత మన సందు మొదట్లో ఒకటి."

"అయితే ఎక్కడం ఎందుకు, మళ్లీ దిగడం ఎందుకు," అంది ఆవిడ, కిటికీ అద్దం దించి.

కనుక ఆ ఆదివారం చోడవరంలో ఎర్ర స్పోర్ట్స్ కారు మొదటి గేరులో, మనిషి నడిచేంత వేగంతో వెళ్లింది. వెనక చెరుకు ట్రాక్టరూ, దాని వెనక రెండు ఆటోలూ హారన్లు కొట్టాయి. ఆవిడ ఎవరికీ దారివ్వలేదు. పద్మనాభంగారు కిటికీ పట్టుకుని, ఆవిడ మాటలు వినబడేలా బాగా వంగి, పక్కనే నడిచారు. ఆవిడ ఇంటిదాకా తిడుతూనే ఉంది. ఆయన ప్రతి తిట్టుకీ, "అవును సుందరీ," అంటూనే ఉన్నారు.